నెమ్మదించిన ఊపిరి

ఆ మధ్యాహ్నం మార్కాపురంలోని ఆ రేకుల కొట్టంలో ఉన్నవాళ్ళు: నేను, మా సచివాలయం పశుసంవర్ధక సహాయకురాలు, గుర్రం యజమాని, ఆయన భార్య, ఆయన తమ్ముడు, గుమ్మం దగ్గర సగం వీధి. ఉన్నవి: పక్కకు వాలి పడుకున్న ఒక తెల్ల ఆడగుర్రం, ముందురోజు తెల్లవారుజామున పుట్టిన దాని పిల్ల, రెండు బకెట్లు, కల్లుప్పు పొట్లం, దూలానికి వేలాడే సెలైన్ సీసాలు, గోడకు తగిలించిన జరీ జీను, అద్దాలు కుట్టిన ముఖపట్టీ, నా పెట్టెలో ఆరు అమినోఫిలిన్ ఆంపూళ్ళు. లేనివి కూడా రాయాలి. వెంటిలేటరు లేదు. రక్తంలో వాయువులు కొలిచే యంత్రం లేదు. మాలో ఎవరికీ గుర్రానికి వైద్యం చేసిన అనుభవం లేదు.

జ్ఞాపకాలు రాయడానికి నాకింకా వయసు రాలేదని తెలుసు. మార్కాపురం పశువుల ఆసుపత్రి నుంచి బదిలీ అయ్యాను, అంతే. కానీ ఆర్డరు కాగితం పట్టుకుని మొదటి పోస్టింగుకు బయల్దేరుతున్న కొత్త పశువైద్యులైన మీకు ఈ ఒక్క కేసూ చెప్పాలనిపించింది. మనుషుల పేర్లు రాయను. గుర్రం పేరు రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాని పేరు షెహ్జాదీ.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ ఆంపూళ్ళు నా పెట్టెలో ఎందుకున్నాయో అర్థం కాదు. పీజీలో నా పని గొర్రెల మీద. రక్తంలోకి విషం పాకి రక్తపోటు పడిపోయిన పశువు చివరికి ఊపిరి ఆగి ఎందుకు చచ్చిపోతుంది అన్నది మా గైడు పట్టుకున్న ప్రశ్న. చాలామంది ఊపిరితిత్తులు పాడై అనుకుంటారు. అది సగమే నిజం. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న డయాఫ్రం కండరం అలసిపోతుంది. విషం వల్ల పశువు రొప్పుతుంది, అంటే ఆ కండరానికి పని పెరుగుతుంది. అదే సమయంలో రక్తపోటు పడిపోవడం వల్ల దానికి అందే రక్తం తగ్గుతుంది. పని రెట్టింపు, తిండి సగం. అమినోఫిలిన్ లాంటి మందులు అలసిన ఆ కండరానికి మళ్ళీ బలం తెస్తాయా అని నేను గొర్రెల మీద కొలిచేవాణ్ణి. మందు ఎక్కగానే తెర మీద గీత పైకి లేచేది. ఆ గీత లేచినప్పుడల్లా ప్రాణం లేచొచ్చినట్టుండేది. అందుకే ఉద్యోగంలో చేరాక కూడా ఆ మందు నా పెట్టెలో ఉండేది. రెండేళ్ళలో ఒక్కసారీ వాడలేదు. మా వైపు పనంతా గొర్రెలకు టీకాలు, బర్రెలకు చూడి పరీక్షలు, వేసవిలో మేత లేక పడిపోయిన పశువులకు సెలైన్లు.

ఇక తప్పు సంగతి. అది ఒక మనిషి తప్పు కాదు, ఒక ప్రాంతం తప్పు. ఇక్కడ ఈనడమంటే బర్రె ఈనడమే. బర్రెకు మాయ, అంటే దూడ వెంట రావాల్సిన పొర, పడకపోతే ఒకరోజు చూస్తారు, వేలాడే మాయకు పాత చెప్పు కడతారు, బరువుకు దిగుతుందని. చాలాసార్లు దిగుతుంది కూడా. గుర్రం సంగతి వేరు. దానికి మాయ మూడు గంటల్లో పడాలి. పడకపోతే ప్రతి గంటా విషమే. ఈ సంగతి మార్కాపురంలో ఎవరికి తెలియాలి? యజమాని షెహ్జాదీని పెద్దయ్యాక కొన్నాడు. దర్శి నుంచి గిద్దలూరు దాకా పెళ్ళికొడుకులను ఎక్కించి తిప్పాడు గానీ ఈనిన గుర్రాన్ని ఎన్నడూ చూసినవాడు కాదు. తమ్ముడికి రెండు బర్రెలున్నాయి, పాల వ్యాపారం. ఇంట్లో పశువుల సంగతి తెలిసినవాడు అతనే.

"మా పెద్ద బర్రెకు రెండో రోజు పడింది, ఏమీ కాలే," అని అన్నకు ధైర్యం చెప్పి, తన పాత చెప్పు తానే కట్టాడు.

నేను వెళ్ళేసరికి ఆ చెప్పు ఇంకా వేలాడుతోంది. చిగుళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి, పళ్ళ మొదళ్ళలో ఊదా గీత. చెవులూ కాళ్ళూ చల్లగా, ఒళ్ళు నిప్పులా. గుండె తొంభై ఆరు. ఊపిరి యాభై ఎనిమిది. బాగున్న గుర్రానికి నిమిషానికి పది, పన్నెండు, మహా అయితే పదహారు.

"సార్, నేను గుర్రాన్ని పుస్తకంలో గూడా సరిగ్గా చూళ్ళేదు," అంది సహాయకురాలు సెలైన్ గొట్టం విప్పుతూ. యర్రగొండపాలెం వైపు అమ్మాయి, చేతులూ నోరూ ఒకేసారి పనిచేస్తాయి. "తన్నితే ఏ పక్క నుంచి తంతాదో చెప్పండి, రెండో పక్కన నిలబడతా."

"తన్నే ఓపిక ఉంటే మనల్ని పిలవరు," అన్నాను.

చెయ్యాల్సిన పనులు వరసగా చేశాం. చెప్పు తీసేశాం. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళతో గర్భసంచి కడిగాం. ముక్కలు ముక్కలుగా మాయ వచ్చింది, వాసనకు వీధిలో సగం మంది వెనక్కి తగ్గారు. నొప్పికీ విషానికీ ఫ్లూనిక్సిన్. నరానికి సెలైన్, ఒకదాని వెనక ఒకటి. సహాయకురాలు అలవాటు ప్రకారం జెంటామైసిన్ సిరంజిలో నింపింది. మనందరం బర్రెలకు కళ్ళు మూసుకుని వేసే మందే. నేను ఆపాను. మూత్రపిండాలకు చేసే హాని అలా ఉంచండి, ఆ మందుకు నరం నుంచి కండరానికి వెళ్ళే ఆజ్ఞను కొంచెం మందగింపజేసే గుణం ఉంది. బాగున్న పశువులో అది కనబడదు. కాల్షియం పడిపోయి, ఊపిరి కోసం పోరాడుతున్న పశువులో ఆ కొంచెమే ఎక్కువ. దాని బదులు వేరే యాంటీబయాటిక్ వేసి, సెలైన్లో కాల్షియం కలిపి చుక్క చుక్కగా వదిలాం.

"బర్రెకయితే సీసా మొత్తం గబగబా ఎక్కిస్తారు గదా సార్," అన్నాడు తమ్ముడు. "దీనికేంది, తీర్థం పోసినట్టు?"

"దీని గుండె తొంభై ఆరు మీద పరిగెత్తుతోంది. గబగబా ఎక్కిస్తే ఆగుతుంది."

అతను మేము తీసి పారేసిన చెప్పు వైపు ఒకసారి చూసి, కాలితో దాన్ని బయటికి నెట్టాడు.

ఆ తర్వాత కాసేపటికి ఊపిరి తగ్గడం మొదలైంది. నలభై. ముప్ఫై. ఇరవై రెండు. అంతసేపూ కొట్టం దద్దరిల్లేలా వినబడ్డ రొప్పు సన్నబడింది. యజమాని భార్య కళ్ళు తుడుచుకుంది.

"నిమ్మళించింది నా బిడ్డ," అని ఇంట్లోకి పోయి అందరికీ చాయ్ పెట్టుకొచ్చింది. గుమ్మం దగ్గర బ్యాండుమేళం వాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు, షెహ్జాదీ ముందు ఎన్నో పెళ్ళిళ్ళలో వాయించినవాళ్ళు. వాళ్ళలో ఒకాయన, "డాక్టరు సార్ చెయ్యి మంచిదే," అన్నాడు. తమ్ముడు మొదటిసారి నవ్వాడు.

నేను చాయ్ తీసుకోలేదు. గుర్రం డొక్క చూస్తున్నాను.

ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ, డొక్క కలిసి లేవాలి. డయాఫ్రం కిందికి దిగి పొట్టను తోస్తుంది కాబట్టి. షెహ్జాదీ ఛాతీ లేస్తున్నప్పుడు డొక్క లోపలికి పోతోంది. అంటే డయాఫ్రం పని మానేసింది, పక్కటెముకల మధ్య కండరాలు మాత్రం లాగుతున్నాయి, వదులుగా ఉన్న గొడుగు గుడ్డలా అది పైకి పీల్చుకుపోతోంది. జ్వరం తగ్గలేదు, గుండె తగ్గలేదు, చిగుళ్ళ ఇటుక రంగు నీలానికి తిరుగుతోంది. ఊపిరి ఒక్కటే తగ్గింది. అది కోలుకోవడం కాదు, పోరాడే ఓపిక అయిపోవడం. నేను గొర్రెల్లో ఎన్నోసార్లు చూసిన దృశ్యం. అక్కడయితే ఆ క్షణంలో యంత్రం తగిలించేవాళ్ళం.

ఆంపూలు తీసి చేతిలో పట్టుకున్నాను. దాని గాజు మెడ విరిచే ముందు మా పెద్దసారుకు, అంటే అసిస్టెంట్ డైరెక్టర్ గారికి, ఫోను చేశాను. ఆయన ఆ రోజు గిద్దలూరు వైపు టీకాల క్యాంపులో ఉన్నారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి, మాట వ్యంగ్యంగా ఉంటుంది.

"గుండె ఎంత?"

"తొంభై ఆరు సార్."

"ఏ పక్కకు పడుకోనుంది?"

"ఎడమ పక్కకు. నేను వచ్చినప్పటి నుంచీ."

"పొట్ట?"

"ఉబ్బింది."

"చేతిలో ఏముంది?"

"అమినోఫిలిన్."

ఫోనులో చిన్న నవ్వు. "థీసిస్ మందు. సరే. నాయనా, మా నాయన నల్లమల ఘాటు మీద బండి తోలినాడు. ఎక్కుడులో ఎద్దు ఆగిపోయింది అనుకో. నువ్వు ములుగర్ర తీస్తావా, మూటలు దించుతావా?"

"సార్, ఈ మందు ములుగర్ర కాదు. కండరానికి బలం ఇస్తుంది."

"ఏడనుంచి తెచ్చి ఇస్తాది? మేత పెడతాదా? గుండెకే రక్తం చాలక అట్ల కొట్టుకుంటుంటే, ఇంకా కొట్టుకో అంటావు. పైగా గుర్రం ఆ మందుకు బెదురుతుంది అంటారు. నీ గొర్రెలకు పక్కన మిషన్ ఉండె. దీనికేముంది?"

"ఏమీ లేదు సార్."

"అయితే ముందు మూటలు దించు. అప్పుడు గూడా కదలకపోతే ములుగర్ర మాట చూద్దాం. నేను బయల్దేరతాండా."

నాకు కోపం వచ్చిందని దాచను. రెండేళ్ళు నేను కొలిచిన దాన్ని ఆయన ఒక ఎడ్లబండితో కొట్టిపారేశారు. కానీ కోపంలో కూడా జాబితా రాసుకోవడం నా స్వభావం. షెహ్జాదీ డయాఫ్రం మీద ఉన్న మూటలేవి? పక్కకు పడుకోవడం వల్ల పేగుల బరువంతా దాని మీదే. పొట్ట ఉబ్బు రెండోది. జ్వరం మూడోది, ఒళ్ళు కాలేకొద్దీ ఊపిరి అవసరం పెరుగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తక్కువ కావడం నాలుగోది. నాలుగింట్లో ఒక్కదానికీ ఆంపూలు అక్కర్లేదు.

"దీన్ని రొమ్ము మీద కూర్చోబెట్టాలి," అన్నాను. "రెండు పక్కలా ఆనించడానికి బస్తాలు కావాలి."

ఎవరూ కదల్లేదు. ఇప్పుడే నిమ్మళించిన గుర్రాన్ని ఎందుకు కదపాలో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి యజమాని తమ్ముడితో, "నీ పొట్టు బస్తాలు తీసుకురా," అన్నాడు. బర్రెల కోసం దాచుకున్న వేరుశనగ పొట్టు. అతను గొణుక్కుంటూనే ఆరు బస్తాలు మోసుకొచ్చాడు.

బ్యాండు వాళ్ళు నలుగురూ, వీధి వాళ్ళు ఇంకో నలుగురూ చేతులేశారు. డోలు ఆయన లెక్క పెట్టాడు. "ఏక్, దో, తీన్!" పలకరాయి ముక్కలు పరిచిన నేల మీద గిట్టలు కీచుమన్నాయి. "ఎంతమంది పెళ్ళికొడుకులను మోసినావే నువ్వు, ఇయాల మేం నిన్ను మోస్తున్నాం," అన్నాడు ఆయన రొప్పుతూ. రొమ్ము మీద కూర్చోబెట్టి బస్తాలు ఆనించాం. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తే గ్యాసు బుస్సుమని వచ్చింది. తడి గోనెపట్టాలు కప్పాం.

"ఆక్సిజన్ ఎక్కడైనా దొరుకుతుందా?" అని అడిగాను, దొరకదనే నమ్మకంతో.

యజమాని భార్య చాయ్ గ్లాసులు కింద పెట్టేసింది. "కరోనాలో మా మామకు పెట్టిన మిషన్లు మసీదు కమిటీ కాడ ఉన్నాయి గదా! ఉత్తగానే పడున్నాయి."

రెండు మిషన్లు స్కూటీల మీద వచ్చాయి. రెండింటినీ ఒకే గొట్టానికి కలిపి ముక్కులో పెట్టాం. మనిషికి సరిపోయే గాలి, గుర్రానికి పిచ్చుక గుక్క. అయినా మూటల్లో అదీ ఒకటి.

కాసేపటికి ఊపిరి లెక్క పెట్టాను. నలభై నాలుగు.

నాకు ప్రాణం కుదుటపడింది. కొట్టంలో మిగతా అందరికీ పోయింది. రొప్పు మళ్ళీ వినబడుతోంది. తమ్ముడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏంది సార్ ఇది? నిమ్మళంగా పండుకున్నదాన్ని లేపి మళ్ళీ ఆయాసం తెచ్చినారే! మీ చదువులన్నీ మా నోరులేని జీవం మీద నేర్చుకుంటారా?"

అతని గొంతులో నా మీది కోపం ఒక్కటే లేదు. అది నాకు వినబడింది. డయాఫ్రం అన్నాను, అలసట అన్నాను. అతని ముఖం ఇంకా బిగుసుకుంది.

సహాయకురాలు అందుకుంది. "అన్నా, పరీక్ష హాల్లో చప్పుడు చెయ్యకుండా రాసేటోడు ఒకడుంటాడు. రాయలేక పేపరు మూసి తలకాయ బల్ల మీద పెట్టినోడు ఇంకొకడు. వాడూ చప్పుడు చెయ్యడు. ఇందాక ఇది తలకాయ పెట్టేసింది. ఇప్పుడు మళ్ళీ రాస్తాంది. రాయనీ."

యజమాని అంతవరకూ గుర్రం మెడ మీద చెయ్యి తీయలేదు. ఇప్పుడు నా వైపు తిరిగాడు.

"డాక్టరు సాబ్, నాకు ఒక్క మాట చెప్పండి. దాని ఊపిరి తగ్గితే మంచిదా, పెరిగితే మంచిదా? నేను దేనికోసం దువా చెయ్యాల?"

నా చదువులో నన్ను ఇంత సూటిగా ఎవరూ ప్రశ్న అడగలేదు. ఆయన పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తీసి గుర్రం డొక్క మీద పెట్టాను.

"లెక్క నాకు వదిలెయ్యండి. ఛాతీ లేచినప్పుడు ఈ డొక్క కూడా మీ చేతిని పైకి తొయ్యాలి. దానికోసం చెయ్యండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి అలాగే ఉంది. తమ్ముడు వెళ్ళి రెండో పక్కన కూర్చుని తనూ చెయ్యి పెట్టాడు.

పెద్దసారు వచ్చేసరికి ఎండ తగ్గింది. వచ్చీ రాగానే చిగుళ్ళు చూశారు, డొక్క చూశారు, తర్వాత నా చొక్కా జేబులో మెడ విరగని ఆంపూలు చూశారు. "కాళ్ళు ఎవరన్నా చూసినారా?" అన్నారు. చూడలేదు. ముందుకాళ్ళ గిట్టలు వేడిగా కాలిపోతున్నాయి. విషం గుర్రానికి చివరగా గిట్టల్లోకి దిగుతుందని చదివినవాణ్ణే, ఊపిరి చూస్తూ మరిచిపోయాను. కూల్‌డ్రింకు షాపుల నుంచి ఐసు తెప్పించి గోనెపట్టాల్లో చుట్టి గిట్టలకు కట్టించారు. గర్భసంచి మళ్ళీ కడిగాం.

చీకటి పడే ముందు యజమాని ఉన్నట్టుండి, "తోస్తాంది సాబ్," అన్నాడు. నేను చూశాను. ఛాతీ, డొక్క కలిసి లేస్తున్నాయి. అప్పుడు ఊపిరి ముప్ఫై ఆరు. మర్నాడు ఇరవై ఎనిమిది. ఈసారి తగ్గడం మంచి తగ్గడమే. జ్వరమూ గుండె వేగమూ దానితోపాటు దిగాయి.

షెహ్జాదీ బతికింది. పాలు ఎండిపోయాయి. పిల్లకు తమ్ముడు తన బర్రె పాలు తెచ్చాడు, ఎవరూ అడక్కుండానే. అవి మరీ చిక్కన, పిల్లకు అరగవు, నీళ్ళు కలపమన్నాను.

"నీళ్ళు కలపమని డాక్టరు నోటితో వినడం నా జన్మలో ఇదే మొదలు," అన్నాడు. "ఈ మాట మా వాడికెదారుల ముందర ఒకసారి చెప్పండి సార్."

కాళ్ళు మాత్రం పూర్తిగా దక్కలేదు. ఐసు ఆలస్యమైంది. ముందు గిట్టల్లో ఎముక కొంచెం కుంగింది. నడుస్తుంది, బరువు మోయలేదు. ఆ పెళ్ళిళ్ళ సీజనులో మార్కాపురం పెళ్ళికొడుకులు టాపులేని జీపుల్లో తిరిగారు.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది. మూటలు దించడమే సరైనదని ఈ కథ రుజువు చేసిందనుకోకండి. ఒక్క గుర్రం రుజువు కాదు. ఆంపూలు ఇచ్చి ఉంటే ఇంకా తొందరగా కోలుకునేదేమో, గుండె ఆగి పోయేదేమో, నాకు తెలియదు. కాల్షియం పనిచేసిందా, బస్తాలా, ఆ పిచ్చుక గుక్క గాలా, అదీ తెలియదు. అన్నీ ఒకేసారి చేశాం కాబట్టి ఎప్పటికీ తెలియదు. ప్రయోగశాలలో ఒక్కొక్కటి విడదీసి చూడొచ్చు. కొట్టంలో ఆ వెసులుబాటు లేదు. ఆ మందు మీద నాకు ఇప్పటికీ గౌరవమే. పెద్దసారుతో ఎడ్లబండి మీద నా వాదన ఆయన రిటైరైన రోజు వరకూ నడిచింది. సన్మాన సభలో శాలువా కప్పుతుంటే నా చెవిలో, "ఆంపూళ్ళ గడువు తీరిందేమో చూసుకో," అన్నారు. చూసుకున్నాను. తీరింది. కొత్తవి కొన్నాను.

నేను నేర్చుకున్నది చిన్నది. ఒక అంకె మంచి వైపు కదిలినప్పుడు, మిగతా అంకెలు కూడా దానితో వస్తున్నాయా అని చూడండి. ఒక్కటే వస్తుంటే చాయ్ గ్లాసు అందుకోకండి.

బదిలీ ఆర్డరు వచ్చాక ఒక ఉదయం ఆ కొట్టానికి వెళ్ళాను. పిల్ల ఇప్పుడు తల్లంత ఎత్తు. తమ్ముడు దాని చెవుల దగ్గర రేకు డబ్బా వాయిస్తున్నాడు, బ్యాండు చప్పుడుకు అలవాటు చెయ్యడానికి. అది బెదిరి బస్తాల మీదికి గెంతుతోంది. షెహ్జాదీ నీడలో నిలబడి ఉంది, ముందుకాళ్ళ బరువు మార్చుకుంటూ.

"పని చెయ్యని గుర్రాన్ని ఎవరూ కొంటామని అడగలేదా?" అన్నాను యజమానితో.

"అడిగినారు. ఇంట్లో ముసలమ్మను అమ్ముతామా సాబ్?" అని నా చెయ్యి చూసి నవ్వాడు. వాచీ చూస్తూ రెండో చెయ్యి దాని డొక్క మీద పెట్టాను, నాకు తెలియకుండానే. "ఏంది, ఇంగా లెక్కేనా? పోయేటప్పుడు గూడా?"

జవాబు చెప్తే లెక్క తప్పుతుంది. నిమిషం ఆగమని సైగ చేశాను.

పన్నెండు.